బాపు రిపోర్టుల ఎల్‌డీఎల్ 152: ఇంట్ల ఏ నూనె వాడాలె?

కాజీపేట పోరడు | డిసెంబర్ 7, రాత్రి 9:40

అందరికి నమస్తే. మా బాపుకు 58 ఏండ్లు. షుగర్ లేదు, బీపీ జర అంచుల ఉంటది. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదంటే పోయిన వారం హన్మకొండల డాక్టర్‌కు చూపిచ్చిన. ఈసీజీ, టూడీ ఎకో మంచిగనే ఉన్నయ్. రక్తపరీక్షల మాత్రం మొత్తం కొలెస్ట్రాల్ 230, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంల తిరిగే ఇంకో కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 152 వచ్చింది.

"మూడు నెలలు తిండి, నూనె మార్చుండ్రి. మళ్ల పరీక్ష చేసి గోలీల సంగతి చూద్దాం" అన్నడు డాక్టర్ సారు. ఏ నూనెకు మార్చాలెనో అడుగుదామంటే బయట మస్తు మంది కూసున్నరు, లేచి వచ్చినం. ఇంటికొచ్చినంక ఒక్కొక్కలు ఒక్కో మాట. అవ్వ పల్లి నూనె అంటది. పెద్దమ్మ కొడుకు గానుగ నూనె అంటడు. ఆఫీసుల దోస్తు పొద్దున్నే రెండు చెంచాల కొబ్బరినూనె తాగుమంటడు. మా చిన్నాయన 49 ఏండ్లకే గుండెపోటుతోటి పోయిండు. అందుకే నాకు బుగులైతున్నది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

గానుగ మనిషి | డిసెంబర్ 7, రాత్రి 10:15

తమ్మీ, ముందుగాల ఆ రిఫైన్డ్ ప్యాకెట్లు బంజెయ్యి. ఎద్దు గానుగల ఆడిచ్చిన పల్లి నూనె తెచ్చుకో. మా తాతలు అదే తిన్నరు, ఎనభై ఏండ్లు బతికిండ్రు. రిఫైన్డ్ నూనెను పెట్రోల్ అసొంటి ద్రావకం పోసి తీస్తరు, రెండు వందల డిగ్రీల మీద కాగబెడ్తరు. అండ్ల ఇంకేం మిగుల్తది?

ల్యాబ్ టెక్నీషియన్ | డిసెంబర్ 8, ఉదయం 6:50

నూనె సంగతికి ముందు రిపోర్టు ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే రోజూ నా చేతుల మీదుగా పోయేవి ఇవే.

మీ బాపు ఎల్‌డీఎల్ 152 అన్నది చాలా ల్యాబుల్లో నేరుగా కొలిచేది కాదు, లెక్క కట్టేది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి అదీ తీసేయాలి. 230లో 36 పోతే 194, అందులోంచి 42 పోతే 152. సరిగ్గా సరిపోయింది చూడండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. ముందురోజు రాత్రి దావత్ చేసి వచ్చినా, పరగడుపున రాకపోయినా ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఎల్‌డీఎల్ లెక్క తప్పుతుంది. మూడు నెలల తర్వాత పోయినప్పుడు అదే ల్యాబుకి, 10–12 గంటలు ఏమీ తినకుండా పోండి.

ఇంకో అంకె చూసుకోండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చిన 194. రక్తనాళాల గోడల్లోకి దూరి పేరుకునే కణాలన్నిటి కొలెస్ట్రాల్ ఇందులో ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న మనిషికి ఎల్‌డీఎల్ కంటే ఇది నమ్మకమైన గుర్తు. చిన్నాయన 49కే పోయారన్నారు కాబట్టి లైపోప్రోటీన్-ఎ అనే పరీక్ష కూడా ఒక్కసారి చేయించమని డాక్టర్‌ని అడగండి. అది వంశంలో వచ్చేది, నూనె మార్చినంత మాత్రాన తగ్గేది కాదు. జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు.

వంటింటి లెక్క | డిసెంబర్ 8, ఉదయం 11:20

బాబూ, నేను హన్మకొండలో ఆడపిల్లల కాలేజీలో హోంసైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏ నూనె మంచిదని అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే నాకు రెండు సంగతులు తెలియాలి. ఇప్పుడు మీరు వాడేది ఏ నూనె? నెలకు ఎన్ని ప్యాకెట్లు, ఎంతమందికి? ప్యాకెట్ తిప్పి వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పట్టిక చదివి, 100 గ్రాములకు సంతృప్త కొవ్వు ఎంతని రాసుందో ఇక్కడ పెట్టు. ముందువైపు గుండె బొమ్మను పట్టించుకోకు. "కొలెస్ట్రాల్ లేదు" అన్న మాటనూ పట్టించుకోకు. ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది జంతువుల కొవ్వులోది.

కాజీపేట పోరడు | డిసెంబర్ 8, రాత్రి 8:05

మేడం, తిప్పి చూసిన. మేము ఇన్ని రోజులు దాన్ని సన్‌ఫ్లవర్ అనుకుంటున్నం. వెనక పామోలిన్ అని ఉన్నది. 100 గ్రాములకు సంతృప్త కొవ్వు 45 గ్రాములు. నెలకు లీటరు ప్యాకెట్లు ఆరు పడ్తయ్. ఇంట్ల నలుగురం: అవ్వ, బాపు, నేను, మా ఆవిడ.

ఇంకొకటి. పొద్దున చలికి స్టీలు డబ్బాల నూనె అడుగున తెల్లగ పేరుకున్నది. కల్తీ అనుకుని పారబోద్దామని చూసింది మా అవ్వ.

వంటింటి లెక్క | డిసెంబర్ 9, ఉదయం 10:30

పారబోయొద్దని అమ్మతో చెప్పు, కల్తీ కాదు. డబ్బా అడుగున పేరుకున్న ఆ తెల్లటిదే నేను అడిగిన సంతృప్త కొవ్వు. దాని అణువుల గొలుసులు చీపురుపుల్లల్లా నిటారుగా ఉంటాయి, చలికి ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని గడ్డ కడతాయి. పొద్దుతిరుగుడు, నువ్వులు, పల్లి నూనెల్లో గొలుసులు ఎక్కువగా వంగి ఉంటాయి, దగ్గరగా చేరలేవు. అందుకే మన చలికి పొద్దుతిరుగుడు నూనె నీళ్లలాగే ఉంటుంది.

ఇక ఒంట్లో సంగతి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లోపలికి లాక్కునే ద్వారాలు కాలేయం మీద ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ ద్వారాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో ఎక్కువగా ఉండే లినోలిక్ ఆమ్లం అనే వంగిన గొలుసుల కొవ్వు ఆ ద్వారాలను తిరిగి పెంచుతుంది. నూనె మారిస్తే ఎల్‌డీఎల్ మారడానికి ప్రధాన కారణం ఇదే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఆరు లీటర్లంటే 5,460 గ్రాములు. ముప్పై రోజులకు, నలుగురికి పంచితే మనిషికి రోజుకు 45 గ్రాములు. పెద్దగా ఒళ్లు వంచే పని లేని మగవాళ్లకు 25 గ్రాములు, ఆడవాళ్లకు 20 గ్రాములు చాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2010 పట్టికలో ఉంది. దాదాపు రెట్టింపు తింటున్నారు.

ఆ 45 గ్రాముల పామోలిన్‌లో సంతృప్త కొవ్వు 20 గ్రాములు. గ్రాముకు 9 కేలరీలు, అంటే 180 కేలరీలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి అది 9 శాతం. అదే 45 గ్రాములు పొద్దుతిరుగుడు నూనె అయితే సంతృప్త కొవ్వు 5 గ్రాములే, 2 శాతం చిల్లర. తేడా 7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వేయించిన లెక్క ప్రకారం, ఒక శాతం కేలరీలు సంతృప్త కొవ్వు నుంచి లినోలిక్ లాంటి కొవ్వుకు మారితే ఎల్‌డీఎల్ సుమారు 2 పాయింట్లు తగ్గుతుంది. ఏడు రెళ్లు పద్నాలుగు. అంటే నూనె ఒక్క చుక్క తగ్గించకపోయినా, రకం మార్చినందుకే 152 కాస్తా 138 దగ్గరికి రావాలి.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన మాట "నుంచి". పామోలిన్ నుంచి మారితే ఇంత దిగుతుంది. పల్లి నూనె నుంచి మారితే ఇంత దిగదు. కొవ్వు తీసేసి ఆ చోట అన్నం పెంచితే ఎల్‌డీఎల్ కాస్త దిగుతుంది కానీ ట్రైగ్లిజరైడ్లు ఎక్కుతాయి, హెచ్‌డీఎల్ పడుతుంది. మీ నాన్నగారికి ఇప్పటికే 210, 36 ఉన్నాయి. ఆ దారి ఆయనకు నష్టం.

గానుగ మనిషి | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:10

మేడం, మీరు పెద్దోళ్లు, మీ మాట కాదనను. గని కొలెస్ట్రాల్ దిగుడు వేరు, మనిషి బతుకుడు వేరు. అమెరికాల మిన్నెసోటా అనే చోట 1968 నుంచి 73 దాకా తొమ్మిది వేల మంది మీద మొక్కజొన్న నూనె పరీక్ష చేసిండ్రు. కొలెస్ట్రాల్ దిగింది, చావులు తగ్గలే. ఆ లెక్కలు ఏండ్లకేండ్లు మూలకు పడ్డయ్, 2016ల బయటికొచ్చినయ్. సిడ్నీల కుసుమ నూనె ఇస్తే చావులు పెరిగినయ్. దీనికేమంటరు?

భద్రకాళి గట్టు | డిసెంబర్ 9, సాయంత్రం 6:45

అన్నా, నువ్వు చెప్పిన రెండూ నిజమే. ఆ రెండు పత్రాలూ నేను పూర్తిగా చదివిన. వాటిని పక్కకు నెట్టుడు నాకూ ఇష్టంలేదు, అందుకే వివరంగ రాస్తున్న.

మిన్నెసోటాల పరీక్ష జరిగింది మానసిక ఆస్పత్రులల్ల, ఒక వృద్ధాశ్రమంల. మనుషులు వచ్చుడు పోవుడు. ఏడాది దాటి ఆ తిండి తిన్నోళ్లు నాలుగో వంతే. రక్తనాళంల కొవ్వు పేరుకునుడు ముప్పై నలభై ఏండ్ల పని, ఏడాదిల తేల్చుడు కష్టం. సిడ్నీల అయితే 458 మంది మగోళ్లు, అందరు అప్పటికే గుండె జబ్బు వచ్చినోళ్లు. వాళ్లకు కుసుమ నూనె ఒక్కటే కాదు, దానితోటి చేసిన మార్జరిన్ (నూనెతోటి చేసే వెన్న అసొంటిది) గూడ ఇచ్చిండ్రు. ఆ కాలపు మార్జరిన్ల ట్రాన్స్ కొవ్వు, అంటే నూనెను గడ్డ కట్టిచ్చేటప్పుడు పుట్టే కొవ్వు, ఉండేదని చానమంది అనుమానం.

అదే కాలంల లాస్ ఏంజెలిస్‌ల 846 మంది మాజీ సైనికుల మీద ఎనిమిదేండ్లదాక ఇంకొక పరీక్ష చేసిండ్రు. మొక్కజొన్న, సోయా, కుసుమ, పత్తిగింజల నూనెలు వాడిండ్రు. మన వరంగల్ పత్తి యాదికొచ్చింది నాకు. అండ్ల గుండె, రక్తనాళాల జబ్బులతోటి పోయినోళ్లు తగ్గిండ్రు. మొత్తం చావులల్ల పెద్ద తేడా లేదు, అది గూడ చెప్పాలె. ఇసొంటివన్ని జమచేసి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017ల చెప్పిందేందంటే, సంతృప్త కొవ్వు జాగల గింజల నూనె పెడితే గుండెజబ్బు ముప్పు ఇంచుమించు 30 శాతం తగ్గుతదని. నాకు ఆ లెక్కే ఎక్కువ నమ్మబుద్ధి అయితది. నీ మాటల బలం లేదని మాత్రం అనను.

ఒక్కదాంట్ల మాత్రం ఎవ్వలకు అనుమానం లేదు. వనస్పతి. ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతది, హెచ్‌డీఎల్‌ను గుంజుతది, రెండు దిక్కుల దెబ్బ. 1990ల నెదర్లాండ్స్‌ల తేలిన సంగతి ఇది. మన దేశంల నూనెలల్ల, వనస్పతిల దీని హద్దు 2021ల 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం చేసిండ్రు.

గానుగ మనిషి | డిసెంబర్ 9, రాత్రి 9:30

మంచిది తమ్మీ, ఆ మార్జరిన్ సంగతి నాకు తెల్వది. కానీ గానుగ నూనె రుచి, వాసన మీద నా మాట నాదే.

తౌడు మిల్లు | డిసెంబర్ 10, ఉదయం 7:30

మాది పెద్దపల్లి దిక్కు, రైస్ మిల్లుల పనిచేస్త. గానుగన్న మాటకు ఒక ముచ్చట చెప్త. అన్ని నూనెలు గానుగల రావు. తౌడే తీసుకోండ్రి. బియ్యం పాలిష్ పట్టంగనే తౌడు చేతుల పట్టుకుంటె వెచ్చగ, తియ్యటి వాసన ఉంటది. పచ్చి బియ్యం తౌడు అట్లనే కుప్పేసి తెల్లారి చూస్తే కారువాసన మొదలైతది. దాంట్ల ఉండే ఎంజైమే నూనెను ఇరగ్గొడ్తది. ఉప్పుడు బియ్యం తౌడైతే ఉడికిచ్చినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతది, నూనె గూడ ఎక్కువ దిగుతది. అందుకే లారీలు ఆగకుండ సాల్వెంట్ ప్లాంటుకు పోతయ్. రిఫైన్ చెయ్యకుంటె తౌడు నూనె తినలేరు.

మా ఇంట్ల పదేండ్లసంది అదే. పల్లి నూనె లెక్కనే ఉంటది, ఒరిజనాల్ అని ఒకటి అండ్ల అదనం. పేగులల్ల కొలెస్ట్రాల్ గుంజుకోకుండ జర అడ్డుపడే పదార్థాలు గూడ తౌడు నూనెల ఉంటయంటరు.

వంటింటి లెక్క | డిసెంబర్ 10, ఉదయం 9:15

తౌడు మిల్లు తమ్ముడు మంచి మాట చెప్పాడు. గానుగ పల్లి నూనె, రిఫైన్డ్ పల్లి నూనె, ఈ రెండిటిలోనూ కొవ్వుల పాళ్లు ఒకటే. ఎల్‌డీఎల్‌కి సంబంధించినంతవరకు పెద్ద తేడా రాదు. గానుగలో వాసన, కొంత విటమిన్-ఇ మిగులుతాయి. కానీ బూజు పట్టిన పల్లీలు గానుగలో పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోకి దిగుతుంది, రిఫైన్ చేస్తే అది పోతుంది. గానుగ నూనె కొనేవాళ్లు సీసాను చూడటం కాదు, గానుగ దగ్గర బస్తాలోంచి గుప్పెడు పల్లీలు తీసి చూడండి. ముడతలు పడి, నల్లబడి, ఆకుపచ్చ బూజు ఉంటే వెనక్కి వచ్చేయండి.

నువ్వుల చేను | డిసెంబర్ 10, సాయంత్రం 5:50

జగిత్యాల కాడ మాది. ఎండకాలం నువ్వులు ఏస్తం. నువ్వుల నూనె సంగతి ఎవ్వలు ఎత్తుకోలే. బాపుకు అది మంచిదా కాదా? అవ్వ పచ్చళ్లల్ల తప్ప వాడది, పిరమని.

వంటింటి లెక్క | డిసెంబర్ 10, రాత్రి 7:40

మంచిదే అన్నా. ఒలీక్ అనే ఇంకో వంగిన గొలుసుల కొవ్వు 40, లినోలిక్ 42, సంతృప్తం 15 శాతం దాకా ఉంటుంది. ఒక్కో నూనెలో ఈ పాళ్లు ఒక్కోలా ఉంటాయి. ఒంటికి ఒక్క నూనె చాలనుకోవద్దనీ, రకాలు మార్చి వాడమనీ పోషకాహార సంస్థ చెప్పేది ఇందుకే. అసలు నూనె ఆడించకుండా నువ్వులపొడి చేసుకుని అన్నంలో కలుపుకుంటే పీచు కూడా వస్తుంది.

కట్ మిర్చి బండి | డిసెంబర్ 11, రాత్రి 11:50

ఇప్పుడే బండి సదిరి వచ్చిన. మాది వరంగల్ చౌరస్తా దిక్కు. పామోలిన్ ఎందుకు వాడుతమో చెప్త, తప్పువట్టకుండ్రి. సన్‌ఫ్లవర్ కడాయిల మూడు గంటలు కాగితే నురుగు లేస్తది, అంచులకు జిగట అంటుతది, మిర్చి నల్లవడ్తది. పామోలిన్ అట్ల కాదు, తట్టుకుంటది. ధర గూడ తక్కువ.

గని ఏ నూనె అయినా రెండో రోజుకు ఒక గుర్తు చూపిస్తది. మిర్చి ఎయ్యంగనే బుడగలు చిన్నగ, తెల్లగ లేసి కడాయి అంచుదాక వచ్చి ఆగిపోవు. పొగ తొందరగ వస్తది, కండ్లు మండుతయ్. ఆ నూనెను నేను పారబోస్త. మునుపు అండ్లనే కొత్త నూనె కలిపేటోన్ని. ఒక సారు వచ్చి నూనెల మీటర్ ముంచి చూసిండు, 25 దాటితే వాడొద్దని చెప్పిండు, అప్పటిసంది బంజేసిన. బాపుకు మిర్చి ఇష్టమైతే సాయంత్రం ఐదింటికి, కొత్త నూనె పోసిన మొదటి వాయి తినుమను. రాత్రి పదింటికి మాత్రం వద్దు.

భద్రకాళి గట్టు | డిసెంబర్ 12, ఉదయం 8:10

అన్నా, నీ అసొంటోళ్లు ఇంత నిజాయితీగ చెప్తే మాకు ధైర్యం. ఆ మీటర్ చూపిచ్చేది ధ్రువ పదార్థాలు, కాగీ కాగీ ఇరిగిపోయిన కొవ్వు ముక్కలు. 25 శాతం హద్దు దేశమంతట ఉన్నది. ఇంట్ల గూడ గారెలు ఏసిన నూనెను వారం దాక దాచుకుని మళ్లమళ్ల కాగబెట్టుడు ఇదే లెక్కలకొస్తది.

కాజీపేట పోరడు | డిసెంబర్ 12, రాత్రి 9:00

కొబ్బరినూనె సంగతి గూడ తేల్చుండ్రి. దోస్తు రోజు అడుగుతుండు.

భద్రకాళి గట్టు | డిసెంబర్ 12, రాత్రి 9:25

వద్దని చెప్పు. 90 శాతం సంతృప్తమే. పదహారు పరీక్షలు జమచేసి 2020ల చూస్తే, వేరే గింజల నూనెల కంటే ఎల్‌డీఎల్ 10 పాయింట్లు ఎక్కువ తేలింది. హెచ్‌డీఎల్ గూడ 4 పెరిగింది గని దానితోటి ఎల్‌డీఎల్ నష్టం తీరదు.

సకినాల అక్క | డిసెంబర్ 14, మధ్యాహ్నం 3:30

తమ్మీ, సంక్రాంతి వస్తున్నది. మీ అవ్వ ఎన్ని సకినాలు సుడుతదో నాకు ఎరికే, మా ఇంట్ల గూడ పది కిలోల బియ్యం నానబోస్తం. సకినం నూనె గుంజుతది, అది మనం ఆపలేం. కానీ పిండి మరీ పలుచగ కలిపితే ఇంకా ఎక్కువ గుంజుతది, నూనె సరిగ కాగకముందే ఏస్తె గూడ అంతే. మా అత్తమ్మ నేర్పింది చిన్న పిండి ముక్క ఏసి చూసుడు. అడుగుకు పోయి ఎంటనే పైకి తేలితే అప్పుడు ఎయ్యాలె. తీసినంక చాటల గడ్డిమీద ఆరబెట్టు, పాత పేపర్ మీద వద్దు. బాపుకు రోజుకు రెండు ఇయ్యి, డబ్బా ఆయన ముంగట పెట్టకు.

ఇంకొకటి అడుగుత, కోపం చెయ్యకు. బాపు బీడీ తాగుతడా?

కాజీపేట పోరడు | డిసెంబర్ 14, రాత్రి 10:10

తాగుతడక్కా. రోజుకు ఒక కట్ట. ఆదివారం యాట కూర, రెండు సీసల కల్లు. నేను ముందుగాల రాయలే.

ల్యాబ్ టెక్నీషియన్ | డిసెంబర్ 15, ఉదయం 6:40

అక్క అడిగింది అసలు ప్రశ్న. హెచ్‌డీఎల్ 36 వెనక బీడీ ఉండే అవకాశం ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు 210 వెనక కల్లు, మూడు పూటల అన్నం, చాయ్‌లో చక్కెర ఉంటాయి. నూనె మారిస్తే ప్రధానంగా మారేది ఎల్‌డీఎల్. రిపోర్టులో ఒక్కో అంకెకు ఒక్కో తలుపు ఉంది తమ్ముడూ, నువ్వు ఒక్క తలుపు దగ్గరే నిలబడ్డావు.

కాజీపేట పోరడు | మార్చి 11, రాత్రి 8:30

అందరికి దండం. మూడు నెలలు అయింది. నిన్న పరగడుపున అదే ల్యాబుల చేయించిన. మొత్తం 199, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 150, ఎల్‌డీఎల్ 131.

చేసిందేందంటే, పామోలిన్ బంద్. ఒక నెల సన్‌ఫ్లవర్, ఒక నెల పల్లి నూనె, ఒక నెల తౌడు నూనె. నెల మొదటి రోజు మూడున్నర లీటర్లు ఒక డబ్బాల పోసి అవ్వ చేతుల పెట్టినం. అయిపోతే కొనుడు లేదు. జనవరిల సంక్రాంతికి ఇరవై తారీకుకే అయిపోయింది. అవ్వ కోపం చేసింది, పది రోజులు పచ్చిపులుసు, ఉడకబెట్టిన గుడాలు, జొన్నరొట్టె మీదనే ఎల్లదీసింది, కొత్త ప్యాకెట్ మాత్రం అడగలే. రాత్రి అన్నం జాగల జొన్నరొట్టె వచ్చింది. బాపు మూడు కిలోలు తగ్గిండు. బీడీ కట్ట నుంచి నాలుగుకు దిగింది, పూర్తిగ మానలే.

వంటింటి లెక్క మేడం, మీరు 14 అన్నరు, 21 దిగింది.

డాక్టర్ సారు రిపోర్టు చూసి మంచిగ అన్నడు. అయినా చిన్న డోసు స్టాటిన్ (ఎల్‌డీఎల్ దించే) గోలి మొదలుపెట్టిండు. లైపోప్రోటీన్-ఎ ఎక్కువ వచ్చింది, చిన్నాయన సంగతి గూడ చెప్పిన. బాపు "నూనె మార్చినంక మళ్ల గోలి ఎందుకు" అని మొండికేసిండు.

వంటింటి లెక్క | మార్చి 12, ఉదయం 9:50

నా 14 మొత్తం పొద్దుతిరుగుడు నూనెకు మారితే అని వేసిన అంచనా. ఈ 21లో నూనె రకంతో పాటు మీ అమ్మ తగ్గించిన రెండున్నర లీటర్లు, మూడు కిలోలు, జొన్నరొట్టె కూడా ఉన్నాయి, దేనిది ఎంతో విడదీసి చెప్పలేం. గోలి మానొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పు. ఆ లైపోప్రోటీన్-ఎని నూనె కానీ, ఈ గోలి కానీ దించలేవు. అందుకే చేతిలో ఉన్న ఎల్‌డీఎల్‌ను ఇంకా కిందికి తేవాలని డాక్టర్ గారి ఆలోచన. నీ రక్తం, నీ తోబుట్టువుల రక్తం కూడా ఒకసారి చూపించుకోండి.

కాజీపేట పోరడు | మార్చి 12, రాత్రి 9:15

ఇయ్యాల అవ్వ గోలి చేతుల పెట్టి, నీళ్లు తాగేదాక ముంగటనే నిలబడ్డది. మింగిండు. ఆదివారం నేను, మా చెల్లె ల్యాబుకు పోతున్నం.

గానుగ మనిషి | మార్చి 12, రాత్రి 10:40

తమ్మీ, పల్లి నూనె నెల వచ్చినప్పుడు మా దగ్గరికి రా. మేడం చెప్పినట్టు బస్తా ఇప్పి పల్లీలు చూపిస్త, చూసినంకనే ఆడిస్త.